నాలుగో నంబరు తీసేయ్

మధ్యాహ్నం రెండుంబావుకి ఫోను మోగేసరికి డిటెక్టివు ఒక బూటు విప్పి, రెండోది విప్పే ఓపిక లేక, దానివంకే జాలిగా చూస్తూ కూర్చున్నాడు. కంటిమీద కునుకు పడి రెండు రోజులైంది. మోకాళ్లు రెండూ వేరుపడ్డ తోడికోడళ్లలా ఒకదాని మాట ఒకటి వినడం మానేశాయి. ఫోనులో గరగరల మధ్య ఎవరిదో మగగొంతు, "పెద్దగా ఏం లేదండీ. కేస్ తీసేశాను, అంతే" అని పెట్టేసింది.

కేసు తీసేశారట. ఎవరు తీశారు, ఎందుకు తీశారు అని అడగాల్సిన మనిషే ఆయన. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ రెండు ప్రశ్నలు అడిగే పొట్టపోసుకుంటున్నాడు. కానీ అలసిన చెవికి దానికి కావలసిందే వినిపిస్తుంది. రెండో బూటు కూడా ఊడదీసి సోఫాలో నడుం వాల్చాడు.

పది నిమిషాలకి మళ్లీ ఫోను. ఈసారి ఇన్‌స్పెక్టరు. ఒకప్పుడు డిటెక్టివు దగ్గరే పని నేర్చుకున్నవాడు. నేర్చుకోవడం అయిపోయినా నేర్పినవాడు ఇంకా మిగిలి ఉన్నాడన్నదే అతని బాధ. హత్య కేసులో పట్టుకున్న లెక్కల మాస్టారిని ఐదింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడుతున్నానని, ఈలోగా ఆ ఇంటి మెట్ల దగ్గరికి ఒకసారి తీసుకెళ్తున్నానని, వీడ్కోలు చెప్పాలనుంటే వచ్చి చెప్పుకోవచ్చని అన్నాడు. కేసు తీసేశారు కదా అని డిటెక్టివు అడిగితే అవతలి నుంచి నవ్వే జవాబుగా వచ్చింది.

మొదటి నంబరుకి తిరిగి చేస్తే సంగతి తేలింది. మాట్లాడింది చనిపోయిన పెద్దాయన బావమరిది, ఇంట్లో అందరి పాటలూ రికార్డు చేసే మనిషి. ఆయన అన్నది కేస్ కాదు, బేస్. పాట అడుగున దుం దుం అని మోగే మోత. ఆదివారం నాటి రికార్డింగును మామూలు రెండు స్పీకర్ల కాపీగా మార్చేటప్పుడు అందులోంచి ఏమైనా తీసేశారా అని పొద్దున డిటెక్టివే అడిగి వచ్చాడు. దానికి ఇదీ జవాబు.

విప్పిన బూటు మళ్లీ తొడుక్కోవడమంత దిక్కుమాలిన పని లోకంలో ఇంకోటి లేదు. ఆయన రెండు తొడుక్కున్నాడు.

సంగతి చూడబోతే చిన్నది, చావు మాత్రం పెద్దది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆ ఇంటి హాల్లో ఎప్పటిలాగే నలుగురు చేరారు. దర్జీ ఫిడేలు, మందుల షాపాయన పాట, రిటైరైన పోస్ట్‌మన్ వేణువు, ఇళ్లకి రంగులేసే ఆయన డోలు. వాళ్ల వెనకాల, నడవా తలుపు పక్కన, లెక్కల మాస్టారు. ఈయన ఆ ఇంటావిడకి, అంటే పెద్దాయన భార్యకి, చెల్లెలి కొడుకు, ముప్ఫై నాలుగేళ్లవాడు, బడిలో లెక్కలు చెబుతాడు. తల్లి చిన్నప్పుడే పోతే ఈ పెద్దమ్మే పెంచింది. వాళ్లు పాడేది పొడుగాటి పాట, మొదలుపెట్టినవాళ్లకి ఆపడం తెలియని పాట. అందుకని మాస్టారు వెనక కూర్చుని తాళం చుట్లు లెక్కపెట్టి, రెండువందల ఎనభై ఎనిమిదోది పూర్తికాగానే చిన్న ఇత్తడి గంట కొడతాడు. అందరూ ఒక్కసారి ఆపుతారు. బావమరిది యంత్రం బటను నొక్కి, తన దగ్గు పాటలో పడకుండా వీధరుగు మీదికి వెళ్లి కూర్చుంటాడు. ఆ రోజూ కూర్చున్నాడు, వీధి వీధంతా చూసింది.

పెద్దాయన గొంతు బాగోక మేడమీద ఉండిపోయాడు. పాట అయ్యాక మంచినీళ్ల కోసం నడవాలోకి వెళ్లిన పోస్ట్‌మన్‌కి మెట్ల కింద కనిపించాడు. తల పగిలింది. చేతిగడియారం పగిలి నాలుగూ పదకొండు దగ్గర ఆగింది. రెండు మణికట్ల మీదా ఎవరో గట్టిగా పట్టుకున్న గుర్తులు. ఇంటావిడ అప్పుడు పెరట్లో ఆరిన బట్టలు తీస్తున్నానని చెప్పింది.

డిటెక్టివు వెళ్లేసరికి ఇన్‌స్పెక్టరు హాలు మధ్యలో, ఇస్త్రీ మడత నలగకుండా నిలబడి ఉన్నాడు. మాస్టారు ఒక మూల కుర్చీలో, పక్కన కానిస్టేబుల్.

"రండి గురువుగారూ. మంగళం పాడటానికొచ్చారా?"

"నీ కేసుకే పాడదామని వచ్చానోయ్. శ్రుతి కలవట్లేదు."

"కలుస్తుంది. సాయంత్రం కొంచెం వాయిస్తే ఈయనే పాడతాడు."

ఇన్‌స్పెక్టరు దగ్గర ఉన్న సాక్ష్యం, ఒప్పుకోవాలి, గట్టిదే. మాస్టారికి లెక్క మనసులో నిలవదు, పైకి గొణుగుతాడు. పక్కవాడికి కూడా వినిపించనంత మెల్లగా, కానీ మైకు చెవి మనిషి చెవి కాదు. ఆరేళ్లుగా చేసిన ప్రతి కాపీలోనూ పాట వెనక ఆ గొణుగుడు దోమలా వినిపిస్తూనే ఉంటుందని బావమరిదే చెప్పాడు. ఈ ఆదివారం కాపీలో మాత్రం దోమ లేదు. పందొమ్మిది నిమిషాలూ ఫిడేలుంది, పాటుంది, వేణువుంది, చివర గంటుంది. గొణుగుడు లేదు. ముందు కూర్చున్న నలుగురికీ ఇతని వైపు వీపు, పైగా పాటలో కళ్లు మూతలు. లేచి వెళ్లాడు, మెట్లమీద పని ముగించాడు, గంట వేళకి వచ్చి కూర్చున్నాడు అని ఇన్‌స్పెక్టరు వాదం. ఆ పొద్దున పెద్దాయనతో గొడవపడ్డాడు కూడా. గొడవ దేనికో చెప్పడు.

డిటెక్టివు కుర్చీ లాక్కుని మాస్టారి ఎదురుగా కూలబడ్డాడు.

"మాస్టారూ, ఆరేళ్లలో మీ గంట ఒక్కసారీ తప్పలేదట."

"లేదండి."

"మొన్న ఒక చుట్టు ఆలస్యమైందట కదా. ఊపిరందక చచ్చానంటున్నాడు మందుల షాపాయన. మందులమ్మేవాడే చస్తే ఎలాగండీ."

మాస్టారు నవ్వలేదు. "తప్పానేమో."

"ఎక్కడ తప్పారు?"

"గుర్తులేదు."

"పైకి లెక్కపెట్టారా, మనసులోనా?"

మాస్టారి చూపు డిటెక్టివు మీద లేదు. మంచినీళ్ల గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పెద్దమ్మ మీదికి వెళ్లి వచ్చింది.

"మనసులోనండి."

పీకకి ఉరితాడు బిగుసుకుంటూ ఉంటే, దాన్ని కోసే కత్తిని ఈ మనిషి తన చేత్తో తానే అవతలికి గిరాటేస్తున్నాడు. ఎందుకు? ఆ ప్రశ్నకి డిటెక్టివు దగ్గర ఓపిక తప్ప అన్నీ ఉన్నాయి. గ్లాసు అందుకుని నీళ్లు తాగి, లేచి, మోకాళ్లను బతిమాలుకుంటూ మెట్ల దగ్గరికి నడిచాడు.

పదహారు మెట్లు. వీణ మెట్లయితే వేలితో పోయేది, ఇవి కాళ్లతో ఎక్కాలి. తొమ్మిదో మెట్టు దగ్గర కటకటాల్లో పైకి లేచిన మేకు ఒకటుంది. దానికి బొటనవేలంత పొడుగు, గోధుమరంగు, పలచటి రిబ్బను ముక్క చిక్కుకుని ఉంది. పాతకాలం రికార్డింగు టేపు. డిటెక్టివు దాన్ని కాగితంలో మడిచి, వెంట వచ్చిన ఇన్‌స్పెక్టరుతో ఆ మణికట్టు గుర్తులు నెట్టినవి కావని, చేతిలో ఉన్నదేదో లాక్కోబోయినవని చెప్పాడు.

"నెట్టడానికీ లాగడానికీ ఏంటి తేడా? ఆయన పడ్డాడు."

"పడ్డవాడికి తేడా లేదోయ్. లాగినవాళ్లకి ఉంటుంది."

టేపు ముక్క చూపిస్తే బావమరిది మొహం మాడ్చుకుని అసలు సంగతి కక్కాడు. మేడమీద పాత రీళ్ల డబ్బా ఒకటుంది. అందులో ఒక రీలు తన చిన్నక్కది, అంటే మాస్టారి తల్లిది. ఆవిడ గొంతు లోకంలో ఇంకెక్కడా లేదు. కొత్త యంత్రం వచ్చింది కదా, ఈ చెత్తంతా చెత్తబండికి వేసేస్తానని పెద్దాయన ఆదివారం పొద్దున పట్టుబట్టాడు. ఆ ఒక్కటీ ఇవ్వమని మాస్టారు అడిగాడు. పాతవి పట్టుకుని వేలాడితే బాగుపడవన్నాడట పెద్దాయన. డబ్బా ఇప్పుడు మేడమీద లేదు. ఇన్‌స్పెక్టరు ఇదంతా శ్రద్ధగా రాసుకుని, హత్యకి కారణం వెతికిపెట్టినందుకు గురువుగారికి ధన్యవాదాలు చెప్పాడు.

"కొత్త యంత్రమా?" అన్నాడు డిటెక్టివు.

అదే మొదటిసారి వాడటమట. పాతది పోయిన వారం పాడైపోయింది.

సామాను గది హాలు పక్కనే. బల్లమీద కంప్యూటరు, పక్కన కొత్త యంత్రం, గోడకి జిగురుపట్టీతో అంటించిన పసుపు కాగితం. డిటెక్టివు హెడ్‌ఫోన్లు అడిగి తీసుకుని, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. నిద్రపోతున్నాడేమోనని బావమరిది రెండుసార్లు వంగి చూశాడు. ఆయనకీ ఆ అనుమానం ఉంది. కానీ కునుకుకి అడ్డంగా కుడిచెవిలో ఎవరో తలుపు బాదుతున్నారు. దుం. దుం. దుం.

"బేస్ తీసేశానన్నారు."

"తీసేశానండీ. రెండు స్పీకర్ల కాపీలో అది ఉంచితే చిన్న స్పీకర్లు గరగరమంటాయి. ఎప్పుడూ తీసేస్తాను."

"మరి నా కుడిచెవిలో కాపురం పెట్టింది ఎవరు?"

బావమరిది హెడ్‌ఫోన్లు తీసుకుని విన్నాడు. మొహం అటూ ఇటూ అయింది. అంతలో డిటెక్టివు లేచి హాల్లోకి వెళ్లి, తివాచీ మీద నలుగురూ కూర్చునే అచ్చులు చూశాడు. ఏళ్ల తరబడి కూర్చున్న చోట్లు, నొక్కుకుపోయి ఉన్నాయి. ఎడమ ఫిడేలు, మధ్యలో పాట, కుడివైపు వేణువు. కానీ ఆయన చెవుల్లో పాట కుడివైపు ఉంది, వేణువు నడిమధ్య ఉంది. ఫిడేలు ఒక్కటే బుద్ధిగా తన చోట కూర్చుంది. ఒకాయన పాడుతూ పాడుతూ సరదాగా చోటు మారాడనుకున్నా, డోలు కడుపు దగ్గర పెట్టిన బేస్ మైకు లేచి నడిచి రాదు.

ఆయన పసుపు కాగితం చదివాడు. పెన్సిలుతో, అరిగిపోయిన అక్షరాలు. ఒకటి ఎడమ. రెండు కుడి. మూడు మధ్య, రెండువైపులా కలుపు. నాలుగు బేస్, తీసేయ్. ఐదు వెనక ఎడమ, తగ్గించి కలుపు. ఆరు వెనక కుడి, తగ్గించి కలుపు.

"ఇది ఏ యంత్రానికి రాసుకున్నారు?"

బావమరిది కొత్త యంత్రం పెట్టెలోంచి చిన్న పుస్తకం తీశాడు. దాన్ని అప్పటిదాకా ఎవరూ తెరిచిన జాడ లేదు. చదువుతూ చదువుతూ మెల్లగా బల్లమీద కూర్చున్నాడు.

నాలుగింటికల్లా డిటెక్టివు అందర్నీ హాల్లో కూర్చోబెట్టాడు. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుని, ఐదింటికి తనకి వేరే పాట కచేరీ ఉందని గుర్తుచేశాడు. డిటెక్టివు నిలబడే మాట్లాడాడు. కూర్చుంటే లేవలేనని భయం.

ఆయన చెప్పింది ఇదీ. ఈ ఇంట్లో పాట ఆరు మైకుల్లో, ఆరు నంబర్లుగా రికార్డవుతుంది. ముందు మూడు, వెనక రెండు, డోలు దగ్గర ఒకటి. కానీ అందరి ఇళ్లలో ఉన్నవి రెండు స్పీకర్లు, మనిషికి ఉన్నవి రెండు చెవులు. కాబట్టి ఆరింటినీ రెండుగా మడవాలి. ఏ నంబరు ఎటు మడవాలో గోడమీద రాసుంది. పాత యంత్రంలో నాలుగో నంబరు బేస్. కొత్త యంత్రం చేసినవాళ్లు ఆ వరస మార్చేశారు. అందులో రెండు మధ్య, మూడు కుడి, బేస్ ఆరో నంబరు. నాలుగోది వెనక ఎడమ మైకు, నడవా తలుపు పక్కది, మాస్టారి మూతి దగ్గరది. బావమరిదిగారు యంత్రం మార్చారు, కాగితం మార్చలేదు.

"అంటే బేస్ అనుకుని నేను మా వాణ్ణే తీసేశాను" అన్నాడు బావమరిది. "రేయ్, గొణుగుడు మానేశావేమోనని సంతోషించానురా. ఈ పోలీసులని పిలిచి మరీ చెప్పాను."

ఆరు నంబర్లూ కంప్యూటరులో చెక్కుచెదరకుండా ఉన్నాయని, నాలుగోది విడిగా వింటే మాస్టారు కుర్చీలో ఉన్నాడో లేడో క్షణాల్లో తేలిపోతుందని డిటెక్టివు ముగించాడు. ఇన్‌స్పెక్టరు మొహంలో ఇస్త్రీ మడత మొదటిసారి నలిగింది.

అప్పుడు లేచాడు మాస్టారు.

"అక్కర్లేదండి. నేనే నెట్టాను. రాసుకోండి."

ఇన్‌స్పెక్టరు చెయ్యి పెన్ను మీదికి వెళ్లింది. డిటెక్టివు కళ్లు మూసుకున్నాడు. రెండు రోజుల నిద్రలేమి ఒక్కసారి వచ్చి భుజాలమీద కూర్చున్నట్టైంది. అమాయకుణ్ణి బయటపడేయాలని ఇంత దూరం ఈడ్చుకుంటూ వచ్చాడు. వచ్చాక, ఆ తలుపు వెనక ఇంకెవరు నిలబడి ఉన్నారో ఇప్పుడు తెలుస్తోంది.

"మాస్టారూ, నెట్టినవాడికి ఆ నాలుగో నంబర్లో ఖాళీయే ఉంటుంది. ఖాళీని చూసి మీకెందుకంత భయం?"

"వద్దండి. మీకు దణ్ణం పెడతాను."

"పెట్టండి బాబూ" అంది పెద్దమ్మ. దణ్ణం సంగతి కాదు. ఆమె గోడ పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. చీరకొంగుతో చేతులు తుడుచుకుంది. "వినిపించండి. వాడి మాట వినకండి."

బావమరిది బటను నొక్కాడు. పది నిమిషాల యాభై సెకన్ల దగ్గర్నుంచి పెట్టమన్నాడు డిటెక్టివు. దూరంగా, గోడల్లోంచి వస్తున్నట్టు పాట. దగ్గరగా, చెవిలో చెప్పినట్టు ఒక మగగొంతు.

నూట అరవై మూడు. నూట అరవై నాలుగు. నూట అరవై ఐదు.

డోలు దెబ్బ మీదే పడింది ఇంకో దెబ్బ. బరువైనది, తడబడుతూ దొర్లినది. లెక్క ఆగింది. తర్వాత తలుపు కిర్రుమన్న చప్పుడు. ఆ సందులోంచి ఒక ఆడగొంతు, తొందర లేకుండా, జ్వరమొచ్చిన బిడ్డతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"డబ్బా జారిందిరా నాన్నా, ఏం కాలేదు. నువ్వు లేవకు. లెక్క తప్పకు."

తలుపు మూసుకుంది. మళ్లీ మగగొంతు, కొంచెం తడుముకుని: నూట అరవై ఐదు. నూట అరవై ఆరు.

మాస్టారు నేలమీద కూర్చుండిపోయాడు. ముందుగా మాట్లాడింది ఆమే. ఇన్‌స్పెక్టరుతో కాదు, తమ్ముడితో.

"ఆయన డబ్బా పట్టుకుని దిగుతున్నాడు. చెల్లి రీలొక్కటీ ఇమ్మన్నాను. ఇవ్వనన్నాడు. చేతులు పట్టుకుని లాగాను. డబ్బా నాకొచ్చింది, ఆయన కాలు జారింది. కిందికొచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. లేదు."

ఆమె ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. స్పీకరులో లెక్క ఆగలేదు.

"పొద్దున గొడవపడింది వీడు. లేచొచ్చాడంటే వీడి మీదికే వస్తుందని తోచింది. కూర్చునుంటే మైకులో లెక్క ఉంటుంది, సాక్ష్యం ఉంటుంది అనుకున్నాను. ఆరేళ్లుగా వింటున్నాను కదా, వీడి గొణుగుడు లేని పాట నేను వినలేదు. డబ్బా బట్టల బీరువా అడుగున పెట్టి, వెళ్లి బట్టలు తీశాను. వీణ్ణి పట్టుకెళ్లినప్పుడు, ఆ కాపీ వింటే వాళ్లే వదిలేస్తారు, ఈలోపు నోరు విప్పడమెందుకని ధైర్యం చెప్పుకున్నాను. అందులో వీడు లేడని పొద్దున ఈ తమ్ముడు చెబితే గానీ తెలియలేదు. ఎలా పోయాడో అర్థం కాలేదు. ఐదింటికి నేనే వద్దామనుకున్నాను, బాబూ. ఈయన ముందొచ్చారు."

బావమరిది రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఇన్‌స్పెక్టరు యంత్రం ఆపమని అతనికి సైగ చేశాడు.

"ఆపకండి" అందామె. "గంట కొట్టేదాకా ఉండనివ్వండి. అప్పుడొస్తాను."

ఇన్‌స్పెక్టరు డిటెక్టివు వంక చూశాడు. వాదించడానికి చూసిన చూపు కాదది, చాలా ఏళ్ల కిందట ఏం చెయ్యాలో తెలియనప్పుడు చూసే చూపు. డిటెక్టివు తివాచీ అంచున, మోకాళ్లు వద్దంటున్నా వినకుండా, మాస్టారి పక్కన కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు కూడా టోపీ తీసి కూర్చున్నాడు. స్పీకరులో నూట తొంభై. ఇంకా తొంభై ఎనిమిది చుట్లు ఉన్నాయి.